గోడ అవతలి రాగం

"ఓ అరగంట ఓపిక పట్టండక్కా, కంప్యూటర్ మొండికేసింది" అని హెడ్‌ఫోన్‌లో చెప్పేసి సైలెన్స్ లేచి వెళ్లిపోయాడు. అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. రికార్డింగ్ మొదలయ్యే ముందు తలుపు తీసి "సైలెన్స్!" అని అందరికంటే గట్టిగా అరిచేది అతనే కాబట్టి పాడేవాళ్లంతా కలిసి ఆ పేరే ఖాయం చేశారు. అద్దం అవతల అతను లేచిన కుర్చీ ఇంకా మెల్లగా తిరుగుతోంది. అద్దం ఇవతల, మంచం పట్టనంత చిన్న గదిలో, ఎత్తు స్టూలు మీద ఆమె. గోడలనిండా నల్ల స్పాంజి, మైకు ముందు వలలాంటి గుడ్డ బిగించిన చిన్న చట్రం, స్టాండు మీద పాట కాగితం. రెండున్నర. మూడింటికి వదిన వస్తుంది, కోరస్ పాడడానికి. వస్తే బావుణ్ణు అనుకుంది, వెంటనే రాకపోతే బావుణ్ణు అనుకుంది, ఈ రెండూ ఒకే ఊపిరిలో అనుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. కాళ్లు చల్లబడ్డాయి. ఏసీ వల్ల అనుకుంది. ఏసీ ఆపేసి చాలాసేపయిందని తర్వాత గుర్తొచ్చింది, పాడేటప్పుడు ఆ హోరు మైకులో పడుతుందని సైలెన్స్ దాన్ని పొద్దున్నే ఆపేశాడు.

ఎనిమిది పాటల ఆల్బం. ఏడు అయిపోయాయి. ఎనిమిదోది అసలు పాట, ఆల్బంకి పేరిచ్చిన పాట, ఆరేళ్లుగా మందిరంలో ప్రతి ఆదివారం పాడుతున్న పాట, పెళ్లిళ్లలో పాడిన పాట, శవపేటిక పక్కన నిలబడి పాడిన పాట. ఆమె మొహం ఎన్నడూ చూడని సంఘాలవాళ్లు కూడా ఫోన్లలో విని నేర్చుకున్నారు. అలసిన నన్ను ఎత్తుకున్నావు, అరచేతిలో నిద్రపుచ్చావు. ఇక్కడిదాకా గొంతు కిందే పారాడుతుంది, వంగి నడుస్తుంది. తర్వాత ఒక్క ఉదుటున పైకి, లేపావు ప్రభువా నన్ను లేపావు. ఆ 'లేపావు' దగ్గర జనం చేతులెత్తుతారు. వెనక వరసలో ముసలాయన ఎప్పుడూ కుర్చీలోంచి లేచిపోతాడు. ఆ ఒక్క స్వరం కోసమే ఆమెని పిలుస్తారు, అది ఆమెకి తెలుసు, మిగతా ఏడు పాటలూ ఆ స్వరం వెనకాల మర్యాదగా నిలబడ్డ చుట్టాలు.

ఆ పాట ఎలా వచ్చిందో ఆమె చాలాసార్లు చెప్పింది. ఇంట్లో నాన్న చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నప్పుడు వచ్చింది. శనివారం మధ్యాహ్నం, మర్నాడు మందిరంలో నాన్న వాక్యం చెప్పాలి, తెల్లచొక్కా కాలరు మీద పెట్టె నడుపుతుంటే ఆ రాగం ఎక్కడినుంచో వచ్చి నోట్లో కూర్చుంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, గ్యాసు బిల్లు వెనకాల మాటలు రాసుకుంది. ఇంతే జరిగింది. కానీ సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చినప్పుడు ఇంతే అని ఎవరు ఊరుకుంటారు? రెండోసారి చెప్పేటప్పుడు ఆ రోజు ఉపవాసం అయింది. మూడోసారికి ఇస్త్రీ మధ్యలో మోకరించింది. అయిదో ఏడాదికి గదిలోకి వెలుగులాంటిది వచ్చింది. అబద్ధం చెబుతున్నానని ఏనాడూ అనిపించలేదు. చెప్పినకొద్దీ అలాగే జరిగినట్టు ఉండేది, ఇప్పుడు కళ్లు మూసుకుంటే నిజంగానే ఆ గదిలో వెలుగు కనిపిస్తుంది, కానీ చొక్కా కనిపించదు.

అదంతా ఈ పొద్దున పదకొండింటిదాకా. పదకొండింటికి ఆమె మంచినీళ్ల కోసం నడవాలోకి వచ్చింది. పొద్దున ఎనిమిదో పాటని ఒకసారి పాడించి చూసిన సైలెన్స్, లోపల ఆమె గొంతు బాగోగులు చూడ్డానికి వాయిద్యాలన్నీ తీసేశాడు. డ్రమ్ములు లేవు, వయొలిన్లు లేవు, కీబోర్డు మాస్టారు రెండు వారాలు కూర్చుని పేర్చిన హంగేదీ లేదు. ఒట్టి గొంతు. ఆ గొంతుని కూడా, తాళం ఎక్కడ తడబడిందో చూసుకోవడానికి, సగం వేగంతో తిప్పుతున్నాడు. అది గోడలోంచి వచ్చింది. మాటలు కరిగిపోయి, ఒక ఆడగొంతు కూనిరాగంలా, మెత్తగా, ఆగి ఆగి. గ్లాసు పెదవి దగ్గరే ఆగిపోయింది. ఈ రాగం తను ఇలాగే విన్నది. ఇలాగే, గోడలోంచి. చేతిలో పుస్తకం, చెవుల మీద దిండు.

తొమ్మిదేళ్ల కిందట, పరీక్షలు. అన్నయ్యా వదినా పక్కగదిలో ఉండేవాళ్లు. ఆసుపత్రి నుంచి పాపని తెచ్చి అప్పటికి రెండు రోజులు. గుండెలో ఏదో తేడా ఉందన్నారు, బరువు పెరిగాక చూద్దామన్నారు. పాప ఏడ్చేది కూడా కాదు, ఏడవడానికి ఊపిరి చాలక పిల్లిపిల్లలా మూలిగేది. పొద్దున, మధ్యాహ్నం, ఎప్పుడు మూలిగితే అప్పుడు వదిన కూనిరాగం మొదలయ్యేది. మాటల్లేవు. అదే అదే అదే. కింద స్వరంలో మొదలై, కొంచెం తిరిగి, మళ్లీ కిందికే వచ్చి, అక్కడే. తనకి మర్నాడు లెక్కల పరీక్ష. అబ్బా, ఒక్క గంట ఆపితే ఏం పోయింది అనుకుంది. అనుకోవడమేనా, అమ్మతో అంది. "అమ్మా, కాస్త మెల్లగా పాడుకోమను వదినని, బుర్రకేం ఎక్కట్లేదు." అమ్మ వెళ్లి చెప్పిందో లేదో తెలీదు. ఆ తర్వాత రాగం ఇంకా సన్నగా వినిపించింది. చెప్పే ఉంటుంది. చెప్పిందా? పాప ఇంటికొచ్చిన పదకొండో రోజున పోయింది. మరుసటి ఆదివారం మందిరంలో పేరు పెట్టాలనుకున్నారు, నాన్న మూడు పేర్లు ఒక కాగితం మీద రాసి బైబిల్లో పెట్టుకున్నాడు. ఆ మూడిట్లో ఏది పెట్టాలో తేలనే లేదు. ఆమె లెక్కల్లో పాసయింది.

స్టూలు మీద అటూ ఇటూ కదిలింది. స్పాంజి గోడల మధ్య చప్పుడనేది బతకదు, తన గుటక తనకే వినిపిస్తుంది. ప్రార్థన చేద్దామనుకుంది. ఏమని? ప్రభువా, నువ్వు ఇచ్చావనుకున్నది నువ్వు ఇచ్చింది కాదు. కాదా? వదిన నోటిద్వారా ఇచ్చాడు అనుకుంటే? ఆ మాట ఎంత బావుంది, నాన్న వినుంటే నోట్‌బుక్కులో రాసుకునేవాడు, సాక్ష్యంలో ఇంకో మెట్టు అయ్యేది, ఇంకొంచెం వెలుగు వచ్చేది గదిలోకి. ఛీ. ఎంత చటుక్కున దొరికింది తనకి ఆ మాట! గోడకి చిల్లుపెట్టి పక్కింటి కరెంటు వాడుకుంటూ, దేవుడిచ్చిన వెలుతురు అని చెప్పుకున్నట్టు. ఎవరికీ చెప్పకపోతే? రాగాలన్నీ ఎక్కడో విన్నవే, కీబోర్డు మాస్టారు రోజుకి పదిసార్లు అంటాడు ఆ మాట. ఏడు స్వరాల్లో ఎన్ని కొత్తవి పుడతాయండీ అని. వదినకి గుర్తుండదేమో. తొమ్మిదేళ్లు. వదినకి పనే పని. కళ్లజోళ్ల షాపులో వెనకగదిలో మరముందు కూర్చుని రోజంతా అద్దాలు అరగదీస్తుంది, ఆ చప్పుడు చెవుల్లో పడీ పడీ ఉన్న రాగాలన్నీ అరిగిపోయే ఉంటాయి. అలా అనుకోగానే ఆమెకి మందిరం కనిపించింది. గాయక బృందంలో వెనక వరసలో చివర, స్తంభం పక్కన, వదిన. అన్ని పాటలకీ పాడుతుంది. గొంతు కింది స్థాయిలో బరువుగా, నేలలా ఉంటుంది, మిగతావాళ్లంతా దానిమీద నిలబడతారు. ఈ పాటకి మాత్రం కళ్లు మూసుకుంటుంది. పెదవి కదలదు. ఆరేళ్లుగా. చూశావా ఆ పాటలో ఎలా లీనమైపోతుందో మీ వదిన, అని అందరూ అనేవారు. ఆమె కూడా అనుకుంది. గర్వపడింది.

తలుపు తోసుకుని వదిన వచ్చింది. భుజాన సంచి, ముంజేతుల మీద అద్దాల పొడి తెల్లగా మెరుస్తోంది. "మామయ్యగారు బయట సోఫాలో కునుకు తీస్తున్నారు, ఆల్బం అట్ట మీద వెయ్యాల్సిన కాగితం ఒళ్లో పెట్టుకుని. లేపలేదు. నాలుగింటికల్లా షాపుకి వెళ్లాలి పిచ్చుకా, రెండు జతలు అర్జెంటుట. ఎక్కడ నిలబడను నేను?" పిచ్చుక. వదిన కాపురానికొచ్చిన మొదటి వారంలో పెట్టిన పేరు. ఇంట్లో పొద్దస్తమానం ఏదో ఒకటి కూసే పిల్ల అని.

"వదినా, కూర్చో."

"స్టూలు ఒకటేగా ఉంది."

ఆమె లేచింది. వదిన కూర్చోలేదు. ఇద్దరూ స్టూలుకి చెరోపక్క నిలబడ్డారు. ఎలా మొదలుపెట్టాలో అరగంటగా కూర్చుకున్న వాక్యాలన్నీ, నా తెలివితక్కువదనం, నాకు తెలీకుండానే, దేవుడి సాక్షిగా, ఒక్కటీ నోటికి రాలేదు. నోరు తెరిస్తే రాగమే వచ్చింది. మాటల్లేకుండా, సగం వేగంతో, కింద స్వరంలో మొదలై, కొంచెం తిరిగి, మళ్లీ కిందికే. వదిన మొహంలో ఏ కండరమూ కదల్లేదు. చెయ్యి మాత్రం సంచి పట్టీ మీదికి వెళ్లి దాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఎప్పుడు తెలిసింది?" అంది వదిన.

"ఈ పొద్దున."

"ఊఁ."

"నీకు?"

"నాకు తెలియడమేంటే." వదిన నవ్వినంత పనిచేసింది. "నువ్వు మొదటిసారి మందిరంలో పాడావే, ఆ రోజే. మీ అన్నయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు, గుర్తులేదూ?"

గుర్తుంది. బండి అడ్డంగా ఉందట, తీసి పెట్టొస్తానని వెళ్లాడు. ఆరాధన అయిపోయేదాకా రాలేదు. ఇంత ఎండలో బండి దగ్గరేం చేశావురా అని అమ్మ కోప్పడింది. కాదు, కోప్పడలేదు. అడిగింది, జవాబు వినకుండా తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడం ఇప్పుడు కనిపిస్తోంది. "అన్నయ్యకి తెలుసా?"

"అందరికీ తెలుసు. మీ అమ్మకి తెలుసు, మామయ్యగారికి తెలుసు. మన ఇల్లు ఎంతని, గోడలు ఎంతని? పదకొండు రోజులు రేయీపగలూ అదే రాగం, చెవిటివాళ్లా ఏమన్నా? నీకొక్కదానికే తెలీదు. అందుకే నీమీద కోపం తెచ్చుకుందామన్నా కుదర్లేదు. చాలాసార్లు ప్రయత్నించాను."

"మరి ఎందుకు చెప్పలేదు ఎవరూ?"

"ఏమని చెప్పాలి? అప్పటికే సంఘమంతా చేతులెత్తేసింది. మామయ్యగారు ఆ రాత్రి భోజనాల దగ్గర నావైపు చూడకుండా ఒక్క మాట అన్నారు. మంచి పనికి వాడబడుతోందిలేమ్మా అని. సరే మామయ్యగారూ అన్నాను." వదిన పాట కాగితం వైపు చూసింది, చదవలేదు. "ఆ పసిదాని పేరు కూడా ఎవరూ ఎత్తరు. పేరంటూ లేదుగా ఎత్తడానికి. ఆదివారం ఆదివారం అంతమంది పాడుతుంటే పోనీలే, ఎక్కడో ఒకచోట వినిపిస్తోంది అనుకునేదాన్ని. కొన్ని వారాలు అలా అనుకునేదాన్ని. కొన్ని వారాలు ఇంటికెళ్లి గిన్నెలు విసిరికొట్టేదాన్ని."

నాన్న. రెండు గదుల అవతల సోఫాలో కునుకు తీస్తున్న నాన్న. ప్రతి సాక్ష్యానికీ ముందు మైకు ఆమె చేతికి అందించేది ఆయనే. చెప్పమ్మా, ఆ పాట నీకెలా వచ్చిందో చెప్పు. ఆ 'చెప్పమ్మా'లో అదిరే గొంతుని ఆమె భక్తి అనుకుంది. నాన్న ఆమెని మోసం చేశాడా, కాపాడాడా, లేక తనని తాను ఆ పక్కగది నుంచి దూరంగా ఉంచుకున్నాడా? బైబిల్లో ఆ మూడు పేర్ల కాగితం ఇంకా ఉందా? ఆమెకి కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ నాన్న దాకా వెళ్లలేక సగం దారిలో తనవైపే తిరిగింది. కాస్త మెల్లగా పాడుకోమను వదినని. ఆ మాట కూడా గోడలోంచి అటు వినపడే ఉంటుంది. గోడ రెండువైపులా గోడే కదా. అడుగుదామా? అడిగితే వదిన నిజం చెబుతుంది. అడగలేదు.

"నీ పేరు వేయిస్తాను వదినా. అట్ట మీద. స్వరం నీదని."

"వద్దు తల్లీ. వేశావంటే రేపు నాకిస్తారు మైకు. నన్ను చెప్పమంటారు. నేనేం చెప్పను?" వదిన తల అడ్డంగా ఊపింది. "నువ్వు మాత్రం ఆ ఇస్త్రీ పెట్టె కథ ఇంక చెప్పకు. ఎక్కడ చెప్పావో అక్కడే నిలబడి కాదని చెప్పు. అదొక్కటి చాలు నాకు."

క్షమించు అందామనుకుంది. ఆ మాట అంటే వదిన మీద ఇంకో పని పెట్టినట్టు అవుతుందనిపించి ఊరుకుంది. "చెబుతాను" అంది. చెప్పడమంటే ఏమిటో ఆ మాట అన్నాక అర్థమైంది. ముసలాయన కుర్చీలో కూలబడడం, నాన్న మైకు పట్టుకున్న చెయ్యి, గుసగుసలు, ఫోన్లు.

అద్దం అవతల సైలెన్స్ టీ గ్లాసుతో వచ్చి కూర్చున్నాడు. బొటనవేలు ఎత్తి చూపించాడు, కంప్యూటర్ దారికొచ్చిందని. వదిన అతనికి చెయ్యి ఊపి, ఆమె మెడలోంచి హెడ్‌ఫోన్ తీసి తను పెట్టుకుంది. "ఒకసారి వినిపించమను. వాయిద్యాలతో. ఎప్పుడూ సరిగ్గా వినలేదు, విననివ్వలేదు నేను."

అతను వినిపించాడు. హెడ్‌ఫోన్ అంచుల్లోంచి చీమల బారులాంటి చప్పుడు బయటికొస్తోంది. వదిన కళ్లు మూసుకోలేదు ఈసారి. అలసిన నన్ను. ఎత్తుకున్నావు. వదిన ఎడంచెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుంది, తెలియకుండానే, దేన్నో పట్టుకున్నట్టు. అరచేతిలో నిద్రపుచ్చావు. అక్కడ వదిన వేలెత్తింది.

"ఆపమను. ఇక్కడ." హెడ్‌ఫోన్ తీసేసింది. గొంతు మామూలుగానే ఉంది, షాపులో జోడు సరిపోయిందో లేదో చెప్పేటప్పటిలా. "ఇక్కడికి నిద్రపోయేది. ప్రతిసారీ ఇక్కడికే. దీని తర్వాత నేనెప్పుడూ పాడలేదు. తర్వాతదంతా నీదే, నేను చేసింది కాదు." హెడ్‌ఫోన్‌ని చేతిలో తిప్పింది. "అది పడుకోగానే నువ్వు లేపావు లేపావు అని అరుస్తావు పిచ్చుకా. ఆరేళ్లనుంచి. ఆ అరుపుకి ప్రతి ఆదివారం నాకు ఒళ్లు ఉలిక్కిపడుతుంది."

వదిన హెడ్‌ఫోన్‌ని ఆమె తలకి తనే పెట్టింది, జుట్టు చిక్కుకోకుండా చెవి వెనక్కి సర్ది. "నేను కోరస్ పాడను. ఏమీ అనుకోకు. టైమవుతోంది" అంది. బయటికి వెళ్లిపోయింది. తలుపు రబ్బరంచుతో మెత్తగా మూసుకుంది.

"పాడదామా అక్కా?" సైలెన్స్. వదిన అద్దం అవతల, అతని కుర్చీ వెనకాల, సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది, వెళ్లబోతూ. వదిన పక్కనుంచి నాన్న లోపలికొచ్చాడు, నిద్రమొహంతో, చేతిలో అట్ట కాగితం. వదినని చూసి తలూపాడు. వదిన కూడా ఊపింది. అంతే, తొమ్మిదేళ్లుగా ఆ ఇద్దరి మధ్యా జరిగిందంతా అంతే అయివుంటుంది. ఎర్రదీపం వెలిగింది. చెవుల్లో తాళానికి నాలుగు టిక్కులు. తీగల వాయిద్యాలు తెర తీసినట్టు తెరుచుకున్నాయి, వాటినిండా డబ్బా కొట్టుకునే ఆనందం ఉందని ఇప్పుడు వినిపిస్తోంది. ఆమె మైకుకి ఎప్పటికంటే దగ్గరగా జరిగింది. గొంతు ఎత్తలేదు. పక్కగదిలో పరీక్షకి చదువుకునే ఆడపిల్ల ఎవరైనా ఉంటే ఆమెకి అడ్డు రానంత మెల్లగా అందుకుంది. అలసిన నన్ను. రాగం కొంచెం తిరిగింది. ఎత్తుకున్నావు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఇప్పుడు తెలుస్తోంది, బిడ్డని భుజం మార్చుకునేచోట. అరచేతిలో. ఇన్నాళ్లూ ఈ మాటని పరుగెత్తి దాటేసేది, పైకి దూకడానికి కాలు మోపే రాయిలా. నిద్ర. పుచ్చావు.

ఆగిపోయింది.

చెవుల్లో డ్రమ్ములు ఎగిరి పడ్డాయి. వయొలిన్లు పైకి లేచాయి. గొంతు లేని చోటు చుట్టూ, పెళ్లికూతురు రాని పల్లకీ చుట్టూ మేళంలా, వాయిద్యాలు అలా కాసేపు మోగి మోగి, సైలెన్స్ ఆపేశాక ఆగాయి.

"అక్కా, లైను మర్చిపోయారా? భలే పాడుతున్నారు, ఎందుకాపారు?"

నాన్న అద్దం దగ్గరకొచ్చి, వంగి, మాట్లాడే మీట మీద వేలు పెట్టాడు. "ఏమ్మా, గొంతు పట్టేసిందా? కాసిని వేడినీళ్లు తాగు. ఆ ఎత్తు దగ్గర్నుంచి అందుకో, ముందుది అతికిస్తాడు."

"లేదు నాన్నా" అందామె. "పాట అంతవరకే ఉంది."

నాన్న వేలు మీట మీంచి లేవలేదు, అందుకని ఆ గదంతా ఆమె చెవుల్లోకి వచ్చేసింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు, కుర్చీ కిర్రుమనడం, నాన్న చేతిలో కాగితం నలగడం, దగ్గరగా, చాలా దగ్గరగా, తప్పు దొరికిపోయిన మనిషి ఊపిరి. ఆ వెనకాల ఎక్కడో, వదిన భుజం మీది సంచి తీసి నేలమీద పెట్టిన చప్పుడు.